పాత బైక్ కడిగితే వైరింగ్ పోతుందా? కొన్ని అపోహలు - వాస్తవాలు

"నిన్నటిదాకా ఒక్క కిక్కుకే స్టార్టయ్యేదన్నా, కడిగాక మొరాయిస్తోంది." పాత బళ్లు రిపేరు చేసేవాళ్లకి ఈ మాట కొత్తేం కాదు. నీళ్లు పోయడం వల్లే పాడైందని ఓనరు నమ్మకం. విప్పి చూస్తే చాలాసార్లు కనబడేవి వేరు: ఎప్పుడో పగిలిన స్పార్క్ ప్లగ్ క్యాప్, టేపు ఊడిన జాయింటు, చిలుము పట్టిన కప్లర్ (వైర్లని కలిపే ప్లాస్టిక్ సాకెట్). నీళ్లు వాటిని బయటపెట్టాయి, అంతే.

అపోహ: పాత బండికి నీళ్లే తగలనివ్వకూడదు, తడిగుడ్డతో తుడిస్తే చాలు.

బండి తయారైందే వానలో కూడా తిరగడానికి. పైనుంచి జారే నీటిని తట్టుకోవడానికి దానికి కవర్లు, రబ్బరు బూట్లు ఉన్నాయి. కింద నుంచి, పక్కల నుంచి ఫోర్స్‌గా కొట్టే నీటిని మాత్రం అవి ఆపలేవు. అసలు కడగకుండా వదిలేస్తే ఇంకా నష్టం. మట్టి తేమను పట్టి ఉంచుతుంది. శుద్ధమైన నీటిలో కరెంటు పెద్దగా పారదు. అందులో కరిగిన లవణాలు, సబ్బు, రోడ్డు మురికి కలిసినప్పుడే పారుతుంది. కప్లర్ల దగ్గర ఏళ్ల తరబడి పేరుకున్న మురికి చేసేది ఆ పనే. అందుకే సబ్బు పెట్టాక మంచినీళ్లతో బాగా జాడించడం ముఖ్యం.

అపోహ: ప్రెషర్ వాషర్‌ని కాస్త దూరం నుంచి కొడితే ఏమీ కాదు.

ఇళ్లలో వాడే చిన్న మిషన్లలో కూడా ప్రెషర్ 100 బార్ దాకా ఉంటుంది. బైక్ టైర్లో ఉండే గాలి 2 బార్ చిల్లర. చేతులు ఊరుకోవంటే మడ్‌గార్డ్ లోపల, టైర్ల మీద కొట్టుకోండి. హ్యాండిల్ స్విచ్‌లు, మీటరు, కీ హోల్, ప్లగ్, కార్బురేటర్, సీటు కింది భాగం, వీల్ బేరింగుల వైపు గన్ తిప్పొద్దు. ఎండి గట్టిపడ్డ పాత సీళ్ల సందుల్లోంచి నీళ్లు లోపలికి దూరడం తేలిక, బయటికి రావడం కష్టం. నా మటుకు పాత బండికి బకెట్టు, మగ్గు, మెత్తటి బ్రష్షే.

అపోహ: ఇంజన్ వేడిగా ఉన్నప్పుడు కడిగితే జిడ్డు త్వరగా వదులుతుంది.

జిడ్డు వదిలేమాట నిజమే. సిలిండర్ పగులుతుందేమోనని చాలామంది భయపడతారు గానీ, వైరింగ్‌కి వచ్చే ముప్పు ఇంకోటి ఉంది. వేడిగా ఉన్నప్పుడు పాయింట్ల (స్పార్క్ కోసం కరెంటుని కలిపి తెంచే కాంటాక్టుల) కవర్ లోపలి గాలి వ్యాకోచించి ఉంటుంది. మీద చన్నీళ్లు పడగానే అది ఒక్కసారిగా కుంచించుకుపోయి, గ్యాస్కెట్ సందుల్లోంచి నీటిని లోపలికి లాక్కుంటుంది. కాసేపటి ముందుదాకా వెలిగిన హెడ్‌లైట్ లోపలా ఇదే జరుగుతుంది. అద్దం లోపల పట్టిన ఆవిరి అక్కడిదే. ఇంజన్ మీద అరచెయ్యి ఆనించి ఉంచగలిగేంత చల్లబడ్డాకే నీళ్లు పోయండి.

అపోహ: కడిగాక స్టార్ట్ కాకపోతే ఇగ్నిషన్ కాయిల్ గానీ, సీడీఐ (స్పార్క్‌ని నడిపే ఎలక్ట్రానిక్ డబ్బా) గానీ పోయినట్టే.

దీనివల్లే ఎక్కువ డబ్బు వృథా అవుతుంది. కొత్త కాయిల్ కొనేముందు ప్లగ్ దగ్గర చూడండి. ప్లగ్‌కి వెళ్లేది వేల వోల్టుల కరెంటు. ప్లగ్ మీది తెల్లటి పింగాణీ తడిసి, దానిమీద మురికి కూడా ఉంటే, ఆ కరెంటుకి సిలిండర్ లోపలి గ్యాప్ దాటడం కన్నా పింగాణీ మీదుగా బాడీకి పాకిపోవడమే తేలిక. లోపల స్పార్క్ ఉండదు, మీరు కిక్కులు కొడుతూనే ఉంటారు.

చాలా ఇంజన్లలో ప్లగ్ గుంటలో చేరిన నీళ్లు కారిపోవడానికి హెడ్డు పక్కన చిన్న బెజ్జం ఉంటుంది. పాత బళ్లలో అది మట్టితో పూడుకుపోయి ఉంటుంది. సన్నటి తీగతో పొడిచి తెరవండి. గుంటలో నీళ్లుండగా ప్లగ్ మాత్రం విప్పొద్దు, ఆ నీళ్లు నేరుగా సిలిండర్‌లోకి పోతాయి. ముందు క్యాప్ లాగి, సైకిల్ పంపుతోనైనా సరే గాలి కొట్టి, క్యాప్ లోపల, పింగాణీ చుట్టూ పొడిగుడ్డతో తుడవండి. చాలా బళ్లు ఇక్కడితోనే దారికొస్తాయి.

క్యాప్ మీదో, ప్లగ్ వైరు మీదో అనుమానముంటే చీకట్లో ఇంజన్ ఐడిల్‌లో పెట్టి, స్ప్రే బాటిల్‌తో క్యాప్ చుట్టూ సన్నగా నీటి తుంపర కొట్టి చూడండి. పగులుంటే అక్కడి నుంచి సిలిండర్ ఫిన్నుల మీదికి సన్నటి నీలం గీతల్లా స్పార్క్ పాకుతూ కనబడుతుంది, టకటకమని చప్పుడూ వస్తుంది. చెయ్యి మాత్రం దూరంగా పెట్టండి, షాక్ గట్టిగానే కొడుతుంది.

పాయింట్ల బండైతే తర్వాత చూడాల్సింది పాయింట్లే. కవర్ విప్పి, వాటి మధ్య శుభ్రమైన కాగితం ముక్క పెట్టి మెల్లగా లాగితే తేమ, జిడ్డు దానికి అంటుకొస్తాయి. ఇక మ్యాగ్నెటోతో (బ్యాటరీ లేకుండానే స్పార్క్‌కి కరెంటు పుట్టించే అయస్కాంతపు పరికరంతో) నడిచే బళ్లలో కిల్ స్విచ్ ఇంజన్ ఆపేది కరెంటుని ఎర్త్‌కి, అంటే బండి బాడీకి కలిపి. ఆ స్విచ్‌లో నీళ్లు నిలిస్తే, మీరు నొక్కకపోయినా అది సగం నొక్కినట్టే. అందుకే స్విచ్‌లోకీ గాలి కొట్టాలి.

అపోహ: డబ్ల్యూడీ-40 స్ప్రే కొట్టేస్తే ఇక వాటర్‌ప్రూఫే.

తడిసిన చోట నీటిని తరిమెయ్యడానికి అది మంచిదే, పుట్టిందే అందుకు. కానీ ఆ పొర ఎక్కువకాలం నిలవదు. కప్లర్లని విప్పి, కాంటాక్ట్ క్లీనర్‌తో కడిగి, ఆరాక డైఎలెక్ట్రిక్ గ్రీజు పల్చగా రాయడమే నిలిచే పని. ఆ గ్రీజులో కరెంటు పారదు కదా అని కొందరికి సందేహం. పిన్ను బిగుతుగా కూర్చున్నప్పుడు గ్రీజు పక్కకి తప్పుకుంటుంది, లోహానికి లోహం తగులుతుంది. గ్రీజు పని చుట్టూ ఉన్న ఖాళీలోకి నీళ్లు రాకుండా చూడటమే.

అపోహ: డీజిల్‌తో కడిగితే నీళ్ల గొడవే ఉండదు.

వైర్ల తొడుగులు, రబ్బరు బూట్లు ఉబ్బి మెత్తబడతాయి. మిగిలిన జిడ్డు దుమ్ముని పట్టుకుంటుంది. బ్రేకుల మీద పడితే ప్రాణాల మీదికొస్తుంది. వద్దు.

అపోహ: కడిగే ముందు బ్యాటరీ తీసెయ్యాల్సిందే.

అవసరం లేదు. ఇగ్నిషన్ కీ ఆఫ్‌లో ఉంటే చాలు. తడి వైర్లలో కరెంటు నిలబడి ఉంటే చిలుము త్వరగా పడుతుంది, ఆఫ్ చెయ్యమనేది అందుకే. బ్యాటరీ టెర్మినల్ మీద తెల్లటి పొడి పేరుకుంటే మాత్రం విప్పి, వంటసోడా కలిపిన నీళ్లతో తుడవండి, సెల్స్‌లోకి ఆ నీళ్లు పోకూడదు. ముందు విప్పాల్సింది ఎర్త్ టెర్మినల్‌ని. కొన్ని పాత బ్రిటిష్ బళ్లలో ఎర్త్‌కి కలిసేది ప్లస్, చూసుకుని విప్పండి.

అపోహ: కడిగాక బండి స్టార్టయిందంటే ఇక టెన్షన్ లేనట్టే.

వైరింగ్‌కి అసలు దెబ్బ ఆ రోజు కనబడదు. జాయింటులో నిలిచిన తేమ మెల్లగా చిలుముగా మారి, కొన్నాళ్లకి లైటు మసకగా వెలగడం, హారన్ గొంతు పోవడం మొదలవుతుంది. 6 వోల్టుల బళ్లకి ఈ బాధ మరీ ఎక్కువ. 24 వాట్ల బల్బు 12 వోల్టుల బండిలో 2 ఆంపియర్లు తీసుకుంటే, 6 వోల్టుల బండిలో 4 తీసుకుంటుంది. జాయింటులో 0.2 ఓమ్ రెసిస్టెన్స్ చేరిందనుకోండి. మొదటి దాంట్లో పోయేది సుమారు 0.4 వోల్టు, రెండో దాంట్లో 0.8 దాకా. ఉన్నదే ఆరు, అందులో అంత పోతే లైటేం వెలుగుతుంది?

కాబట్టి రెండు నిమిషాలు స్టార్ట్ చేసి ఆపెయ్యకండి, సైలెన్సర్లో తేమ అలాగే ఉండిపోతుంది. కడిగేటప్పుడు నీళ్లు తగలకుండా ప్లాస్టిక్ కవర్లు చుట్టి ఉంటే అవన్నీ తీసేసి, పావుగంట నడిపి రండి. డ్రమ్ బ్రేకులు తడిసి ఉంటే మొదట పట్టవు, నెమ్మదిగా పోతూ కాస్త కాస్త నొక్కుతూ ఆరబెట్టండి. వచ్చాక సీటు విప్పి కాసేపు ఎండ తగలనివ్వండి. అప్పుడే ఫ్రేముకి బిగించిన ఎర్త్ వైరు బోల్టునీ, హ్యాండిల్ తిప్పినప్పుడల్లా వైర్లు వంగే చోటునీ ఒకసారి చూసుకోండి. తొడుగు పగిలేది ఎక్కువగా అక్కడే.