రాజమహేంద్రవరం: గోదారి గట్టు మీద వినిపించే అపోహలు, అసలు సంగతులు

నేను ఇక్కడ చరిత్ర పాఠాలు చెబుతాను, సెలవుల్లో వచ్చినవాళ్ళకు ఊరు చూపిస్తాను. గట్టు మీద పదే పదే వినపడే మాటలు కొన్ని ఉన్నాయి. వాటిని విని ఊరుకోలేను.

అపోహ: ఈ ఊరిని కట్టించింది రాజరాజ నరేంద్రుడే.

వాస్తవం: ఆయన 11వ శతాబ్దపు రాజు. అంతకు వందేళ్ళ ముందే తూర్పు చాళుక్య అమ్మరాజుకు ‘రాజమహేంద్ర’ బిరుదు ఉంది. ఊరి పుట్టుకను ఆ అమ్మరాజుతో ముడిపెట్టే చరిత్రకారులున్నారు. నన్నయ భారతం మొదట్లోనే రాజమహేంద్రపురాన్ని వేంగీదేశానికి నాయకరత్నం లాంటిదన్నాడు.

అపోహ: ధవళేశ్వరం బ్యారేజీ కాటన్ దొర కట్టిన డ్యామ్.

వాస్తవం: 1847–1852 మధ్య కాటన్ కట్టించింది తక్కువ ఎత్తు రాతి ఆనకట్ట. నీళ్ళు దాచడం దాని పని కాదు. మట్టం పెంచి కాలువల్లోకి మళ్ళించడమే. మధ్యలోని లంకలను ఆసరా చేసుకుని ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అని నాలుగు ముక్కలుగా కట్టారు. నేడు మనం దాటే గేట్ల బ్యారేజీ పని 1970లో మొదలైంది. అసలు అక్కడే ఎందుకు కట్టారన్నది ఎవరూ అడగరు, నాకు మాత్రం అదే ముఖ్యం. పాపికొండలు దాటి మైదానంలోకి వచ్చిన గోదారి ధవళేశ్వరం దిగువనే గౌతమి, వసిష్ఠలుగా చీలిపోతుంది. చీలకముందు ఒక్కచోట అడ్డుకడితే డెల్టా అంతటికీ నీరందుతుంది. రాయి కూడా పక్క కొండలోనే దొరికింది.

అపోహ: హేవలాక్ వంతెన కూడా కాటన్‌దే.

వాస్తవం: కాదు. అది 1897–1900 మధ్య కట్టిన రైలు వంతెన. పేరు మద్రాసు గవర్నరుది. 1997 దాకా దానిమీద రైళ్ళు నడిచాయి.

అపోహ: ఇది పుష్కరాల ఊరు, పరిశ్రమలేం లేవు.

వాస్తవం: కాగితపు మిల్లు 1920ల నాటిది. నీళ్ళు గోదారివి, వెదురు ఎగువ ఏజెన్సీ కొండలది. ఇప్పుడు సరుగుడు, సుబాబుల్ వేసే రైతుల కర్రకూ ఆ మిల్లే బేరం. స్వదేశీ రోజుల్లో పుట్టిన రత్నం పెన్నులు ఇక్కడివే. పొగాకు పరిశోధనా సంస్థ 1947లో వచ్చింది.

అపోహ: ఇక్కడ వాన లేకపోతే వరద భయం లేదు.

వాస్తవం: ఈ మాట ప్రమాదం. ప్రాణహిత, ఇంద్రావతి, శబరి అనే ఉపనదులు తెచ్చే నీరే మన వరద. మహారాష్ట్ర, ఛత్తీస్‌గఢ్‌లలో కురిస్తే ఇక్కడ ఎండ కాస్తుండగానే నది పొంగుతుంది. భద్రాచలం మట్టం ఒక్కటే చూసినా చాలదు, శబరి దానికి దిగువన కూనవరం దగ్గర కలుస్తుంది. ధవళేశ్వరం దగ్గర 11.75 అడుగులకు మొదటి హెచ్చరిక, 13.75కు రెండోది, 17.75కు మూడోది. 1986 ఆగస్టులో అక్కడ 35 లక్షల క్యూసెక్కులు దాటి ప్రవహించింది. లంకల్లో ఉండేవాళ్ళు మొదటి హెచ్చరికకే గొడ్డూగోదా గట్టెక్కించండి.