బ్రిడ్జి పిన్ను మేకు కాదు: అపోహలు - వాస్తవాలు

ఈ నెలలో నా దగ్గరికి రిపేరుకు వచ్చినవాటిలో ఇది మూడోది. చేత్తో చేసిన గిటార్, మంచి పనితనం. తీగల చివర్లు దిగే కర్ర ముక్క, అదే బ్రిడ్జి మీద మాత్రం, తీగతోపాటు దింపే పిన్నుల రంధ్రాలు ఆరింటినీ కలుపుతూ వెంట్రుకంత పగులు. "పిన్ను ఊరికే ఎగిరిపోతుంటే రబ్బరు సుత్తితో కొట్టాను సార్. ఇక పనికిరాదా?" అన్నాడు తెచ్చిన కుర్రాడు. పనికొస్తుంది బాబూ, టెన్షన్ పడకు. నా కోపం నీ మీద కాదు, "గట్టిగా దిగ్గొట్టు" అని సలహా ఇచ్చినవాళ్ల మీద.

అపోహ: తీగను పట్టి ఉంచేది పిన్నే, ఎంత బిగిస్తే అంత మంచిది.

వాస్తవం: తీగ చివరి గుండు ఆనాల్సింది టాప్ (గిటార్ ముందు పలక) లోపలివైపు అతికించిన బ్రిడ్జి ప్లేటు అనే చెక్కకు. గుండు మళ్లీ రంధ్రంలోకి జారకుండా అడ్డుగా నిలబడటమే పిన్ను పని. లైట్ సెట్ (సన్న రకం) తీగలు ఆరూ కలిసి లాగే బలం 70 కిలోల పైమాటే. గుండు పిన్ను మొన కింద ఇరుక్కుందంటే, మీరు శ్రుతి చేసేకొద్దీ పిన్నునే పైకి తోస్తుంది. అప్పుడు సుత్తితో కొడితే ఏమవుతుంది? పిన్ను కిందికి సన్నబడుతుంది కాబట్టి దెబ్బ దెబ్బకూ కర్రను చీలుస్తుంది. పైగా రంధ్రాలన్నీ కర్ర నార వెంబడే వరసగా ఉంటాయి.

గుండు దగ్గర తీగను కాస్త వంచి, గుండు సౌండ్ హోల్ (టాప్ మీది పెద్ద గుండ్రటి రంధ్రం) వైపు తిరిగేలా లోపలికి దింపండి. పిన్ను గాడి కూడా అటే ఉండాలి. పిన్నును వదులుగా పెట్టి తీగను పైకి లాగండి. గుండు ప్లేటుకు తగిలినప్పుడు చిన్న 'టిక్' వేళ్లకు తెలుస్తుంది. అప్పుడు పిన్నును బొటనవేలితో నొక్కితే చాలు. అనుమానముంటే సౌండ్ హోల్లోంచి చిన్న అద్దం, టార్చి పెట్టి చూడండి. గుండు పిన్ను పక్కన ప్లేటుకు ఆనుకుని ఉండాలి, మొన కింద వేలాడకూడదు.

నేను చేసిన మొదటి గిటార్‌కి 3 డిగ్రీల వాలున్న పిన్నులు తెచ్చి, రంధ్రాలకు 5 డిగ్రీల రీమర్ (రంధ్రాన్ని వాలుగా తొలిచే పనిముట్టు) వాడాను. పిన్ను అడుగున బిగుసుకుంది, పైన తల ఊగుతోంది. తప్పు నా రంధ్రంలో ఉందని ఒప్పుకోబుద్ధి కాక నేనూ సుత్తే అందుకున్నాను. ఆ చీలిన బ్రిడ్జి ఇప్పటికీ నా బల్ల మీదే ఉంది. ఇప్పుడు రీమర్ రెండు చుట్లు తిప్పడం, పిన్ను పెట్టి చూడటం, మళ్లీ రెండు చుట్లు. విసుగు పుట్టే పనే.

మిగతావి గబగబా చెప్పేస్తాను. ఎముక పిన్నులో ఇత్తడి పిన్నులో వేస్తే సౌండ్ మారిపోతుందా? బరువు వల్ల కాస్త తేడా రావచ్చు, అంతే. సాడిల్ (బ్రిడ్జి మీద తీగలు ఆనే సన్నటి పట్టీ) ఏటవాలుగా ఉంటే బిగించడంలో తప్పా? కాదు, మందం తీగలు నొక్కినప్పుడు శ్రుతి ఎక్కువ పెరుగుతుంది, అందుకే వాటికి కాస్త పొడవు ఇస్తాం. బ్రిడ్జి వెనక టాప్ కొద్దిగా ఉబ్బితే కంగారు పడకండి.

పిన్నులే బ్రిడ్జిని టాప్‌కి పట్టి ఉంచుతాయనుకునేవాళ్లూ ఉన్నారు. పట్టి ఉంచేది జిగురు, అదీ పాలిష్ గీకేసిన పచ్చి కర్ర మీద. బ్రిడ్జి వెనక అంచు కింద కాగితం ముక్క దూరుతోందంటే తీగలు వదులు చేసి రిపేరుకు ఇవ్వండి. సూపర్ గ్లూ మాత్రం పోయకండి, దాన్ని గీకి తీసేసరికి నాకు సగం రోజు పోతుంది.

కుర్రాడి బ్రిడ్జి పగులులో జిగురు పట్టించి క్లాంపులు వేశాను. రేపు తీగలు అతని చేతే వేయిస్తాను.