చీకట్లో మెగాపిక్సెళ్లు కూడు పెట్టవు

పలాస దగ్గర జీడితోట ఉన్న ఒక పాఠకుడు అడిగారు: "ఇంటి నుంచి కళ్ళం దాకా తీగ లాగలేను. రాత్రి పిక్కలు ఎవరైనా పట్టుకుపోతారని ఒక భయం, ఎలుగు వస్తుందని ఇంకో భయం. షాపువాడు 8 మెగాపిక్సెళ్ల వైఫై కెమెరా తీసుకోమంటున్నాడు. తీసుకోనా?"

ఉద్దానంలో ఎలుగు భయం ఉత్తుత్తిది కాదు. నా పేచీ అల్లా షాపువాడి మాటతోనే.

బడిలో వెలుగును గీతలు గీసి చెబుతారు. ఆ వెలుగు రేణువులను, అంటే ఫోటాన్లను, లెక్కపెట్టడం మాత్రం ఎవరూ నేర్పరు. మసక చీకట్లో అవి చినుకుల్లా, ఒక వరసా వాయీ లేకుండా రాలతాయి. తొలకరి నాలుగు చినుకులు వాకిట్లో పడ్డాయనుకోండి. చిన్న పలకలు పరిచిన చోట ఒకదాని మీద మూడు చుక్కలుంటాయి, పక్కదాని మీద ఒక్కటీ ఉండదు. వాన అంతటా ఒకటే, అయినా నేల మచ్చలు మచ్చలుగా కనిపిస్తుంది. పెద్ద బండలు పరిస్తే ఇంచుమించు అన్నిటికీ సమానంగా అందుతుంది. కెమెరాలో వెలుగు పడే సెన్సర్ ఆ వాకిలి, దాని మీది పిక్సెళ్లు ఆ పలకలు. రాత్రి వీడియోలో గిజగిజలాడే చుక్కలు ఆ మచ్చలే.

సగటున 100 ఫోటాన్లు పడే పిక్సెల్‌లో హెచ్చుతగ్గు 10, అంటే 10 శాతం. 25 పడితే హెచ్చుతగ్గు 5, అంటే 20 శాతం. 1/2.8 అంగుళాల సెన్సర్‌లో 2 మెగాపిక్సెళ్లు పేరిస్తే పిక్సెల్ వెడల్పు సుమారు 2.9 మైక్రాన్లు. అదే జాగాలో 8 కుక్కితే 1.45. వెడల్పు సగమైతే వైశాల్యం పావు, అంటే 100 ఫోటాన్లు పడాల్సిన చోట 25 పడతాయి. నాలుగేసి పలకల చుక్కలు కలిపి లెక్కపెట్టే కెమెరాలూ ఉన్నాయి, కానీ అప్పుడు మిగిలేది 2 మెగాపిక్సెళ్లే. చినుకులు ఇంకాసేపు పడనిద్దామని షట్టర్ తెరిచి ఉంచితే నడిచే మనిషి అలుక్కుపోతాడు. దానికన్నా లెన్సు చూసుకోవడం నయం. ఎఫ్ పక్కనున్న అంకె ఎంత చిన్నదైతే లెన్సు నోరు అంత పెద్దది: ఎఫ్/2.0 బదులు ఎఫ్/1.6 అయితే ఒకటిన్నర రెట్లకు పైగా వెలుగు వస్తుంది.

అమావాస్య నాడు చినుకే ఉండదు. అప్పుడు కెమెరా తన ఇన్‌ఫ్రారెడ్ (ఎరుపుకు అవతలి వెలుగు) ఎల్‌ఈడీలు వెలిగిస్తుంది. 850 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం ఉన్నవి మసగ్గా ఎర్రగా కనిపిస్తాయి. 940వి కంటికి కనబడవు, కానీ సెన్సర్‌లోని సిలికాన్ వాటిని తక్కువగా పట్టుకుంటుంది కాబట్టి చూపు దూరం తగ్గుతుంది. దొంగకు కెమెరా కనబడినా ఫరవాలేదనుకుంటే 850 తీసుకోండి. జీడికొమ్మ కింద మాత్రం బిగించొద్దు. ఆకులు ఇన్‌ఫ్రారెడ్‌లో తెల్లగా మెరుస్తాయి. పైగా మీటరు దూరంలోని ఆకు మీద పడే వెలుగు 10 మీటర్ల అవతలి దారి మీద పడేదానికి 100 రెట్లు. ఆకుకు సరిపెట్టుకుని కెమెరా దారిని నల్లగా చూపిస్తుంది. లెన్సు ముందు పురుగు ఎగిరితే గుండ్రటి తెల్లటి ముద్ద తేలుతుంది. దాన్ని ఫోన్లో చూసి దెయ్యమని తాయెత్తు కట్టించుకునేవాళ్లకు నేను చెప్పగలిగింది, ముందు అద్దం మీది సాలెగూడు తుడవమని.

వైఫై 2.4 గిగాహెర్ట్జ్‌ది చాలు. గోడలూ చెట్లూ దాటడంలో 5 కన్నా అదే మేలు. బ్యాటరీ కెమెరాలు మామూలుగా నిద్రలో ఉంటాయి. ఒంటి వేడి కదలికను పసిగట్టే పీఐఆర్ సెన్సర్ వాటిని లేపుతుంది. ఎదురుగా నడిచొచ్చే మనిషికన్నా అడ్డంగా దాటే మనిషిని అది తొందరగా పట్టుకుంటుంది కాబట్టి కెమెరాను దారికి పక్కగా బిగించండి. ఎలుగు విషయంలో దాన్నే నమ్ముకోవద్దు. దట్టమైన బొచ్చు పైభాగం ఒంటంత వేడిగా ఉండదు, వేసవి రాత్రి నేలేమో ఇంకా కాగుతూనే ఉంటుంది. రెంటి వేడికీ తేడా చాలకపోతే పీఐఆర్ పసిగట్టలేదు. సోలార్ పలక పెట్టి, కెమెరా రాత్రంతా మేలుకుని ఉండే ఏర్పాటు చేసుకోండి.