వేసవి కోచింగ్ నుంచి ఆరో తరగతి ఫౌండేషన్ దాకా: హైదరాబాద్‌లో ఎంట్రన్స్ చదువుల నేపథ్యం

హైదరాబాద్‌లో పదో తరగతి చదివే పిల్లలున్న ఇళ్లకు డిసెంబర్, జనవరికల్లా ఫోన్లు మొదలవుతాయి. అప్పటికి ప్రీ ఫైనల్ పరీక్షలు కూడా అయి ఉండవు. "సార్, మీ బాబుకి ఎంపీసీయా, బైపీసీయా? ఇప్పుడు సీటు బ్లాక్ చేసుకుంటే ఫీజులో కన్సెషన్ ఇప్పిస్తా" అంటాడు ఏదో ఒక కాలేజీ పీఆర్వో. బాబు పేరు, చదివే బడి, నాన్న ఫోన్ నంబరు అన్నీ అతని దగ్గరుంటాయి. ఎలా దొరికాయని అడిగేవాళ్లు తక్కువ. షెడ్యూల్ ప్రకటించకముందే అడ్మిషన్లు చేపట్టొద్దని ఇంటర్ బోర్డు హెచ్చరిస్తూనే ఉంటుంది, ఫోన్లు వస్తూనే ఉంటాయి.

ఒకప్పుడు ఎంట్రన్స్ చదువంటే ఇంటర్ పరీక్షలు అయిపోయాక వేసవిలో చేసే పని. ఇవాళ ఆరో తరగతి 'ఫౌండేషన్'తో మొదలవుతోంది. ఈ దూరమంతా ఎవరో ఒక్కరు కుట్ర పన్ని నడిపించింది కాదు. మధ్యలో వచ్చిన మార్పుల్లో చాలావరకు ఏదో ఒక అన్యాయాన్ని సరిదిద్దుదామని వచ్చినవే. అయితే దాదాపు ప్రతి దిద్దుబాటూ పిల్లవాడు పుస్తకం పట్టాల్సిన వయసును ఇంకో మెట్టు కిందికి దించింది.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో రెండేళ్ల ఇంటర్మీడియెట్ 1969-70లో వచ్చింది. అంతకుముందున్నది పీయూసీ, అంటే ప్రీ యూనివర్సిటీ కోర్సు. 1971లో ఇంటర్ బోర్డు ఏర్పడింది. 1968లో పుట్టిన తెలుగు అకాడమీ ఇంటర్ పాఠ్యపుస్తకాలు వేసేది. ఎంట్రన్స్‌కు కూడా అవే ఆధారం. హైదరాబాద్‌లో పెద్ద సీట్లు వేళ్ల మీద లెక్కపెట్టే చోట్లే ఉండేవి: 1929 నాటి ఉస్మానియా ఇంజినీరింగ్ కాలేజీ, ఉస్మానియా మెడికల్ కాలేజీ, 1954లో వచ్చిన గాంధీ మెడికల్ కాలేజీ, 1972లో ఏర్పడిన జేఎన్‌టీయూ. ఆ సీట్లకూ ప్రాంతాల లెక్క ఉండేది. స్థానికులకే ఉద్యోగాలన్న ముల్కీ నిబంధనల మీద గొడవలు, తెలంగాణ, ఆంధ్ర ఉద్యమాల తర్వాత రాజ్యాంగంలో 371-డి అధికరణ చేరింది. దాని కింద 1974లో వచ్చిన రాష్ట్రపతి ఉత్తర్వులు రాష్ట్రాన్ని ఉస్మానియా, ఆంధ్ర, శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయాల పరిధులుగా విడగొట్టి, 85 శాతం సీట్లు స్థానికులకే కేటాయించాయి. ఏ ఊళ్లో చదివావన్నది ఎంత చదివావన్న దానితో సమానంగా లెక్కలోకి రావడం అప్పటి నుంచే. ఈ సంగతి చివర్లో మళ్లీ అవసరమవుతుంది.

సర్కారీ సీటు రానివాళ్లకు మిగిలిన దారి డొనేషన్. కాస్త పొలమో బంగారమో ఉన్న కుటుంబాలు పక్కనున్న కర్ణాటకలోని ప్రైవేటు కాలేజీల్లో డబ్బు కట్టి పిల్లల్ని చేర్చేవి. ఇక్కడా ప్రైవేటు కాలేజీలు మొదలయ్యాయి. 1979లో గండిపేట సీబీఐటీ, 1981లో ఇబ్రహీంబాగ్ వాసవి వచ్చాయి. సీటుకు వేలంపాట మొదలవుతుందేమోనన్న భయం లేకపోలేదు. 1983లో వచ్చిన చట్టం క్యాపిటేషన్ ఫీజును నిషేధించడమే కాక మరో మాట కూడా చేర్చింది. మిగతా కోర్సుల్లో ప్రవేశాలు మార్కులతోనైనా ఎంట్రన్స్ ర్యాంకుతోనైనా ఇవ్వొచ్చు గానీ, మెడిసిన్, ఇంజినీరింగ్‌లకు మాత్రం ఉమ్మడి ఎంట్రన్స్ ర్యాంకే ప్రాతిపదిక. ఆ ఉమ్మడి ఎంట్రన్స్ అయిన ఎంసెట్‌కు బలం ఆ వాక్యమే. డబ్బున్నవాడికీ లేనివాడికీ ఒకే ప్రశ్నపత్రం. నా మటుకు నాకు ఆ ఉద్దేశంలో తప్పు పట్టాల్సిందేమీ కనిపించదు.

అయితే ఎంసెట్ పేపరు స్వభావం వేరు. ఇంజినీరింగ్ వాళ్లకు మూడు గంటల్లో 160 ప్రశ్నలు: మ్యాథ్స్ 80, ఫిజిక్స్ 40, కెమిస్ట్రీ 40. ఒక్కో ప్రశ్నకు 67.5 సెకన్లకు మించి దొరకదు. నెగెటివ్ మార్కులు లేవు. అందుకే ఓఎంఆర్ షీట్ల కాలంలో ఆఖరి ఐదు నిమిషాల్లో మిగిలిన గడులన్నీ ఒకే ఆప్షన్‌తో దిద్దేయమని ప్రతి లెక్చరరూ చెప్పేవాడు. ఒక లెక్క చూడండి. 1·2 + 2·3 + 3·4 + … ఇలా ఎన్ పదాల మొత్తం ఎంత? ఇంటర్ ఫస్టియర్‌లో ఇది గణితానుగమన పద్ధతిలో నిరూపించాల్సిన ఏడు మార్కుల ప్రశ్న, పేజీ నిండుతుంది. ఎంసెట్‌లో ఒక్క మార్కు. ఎన్ బదులు 1 పెడితే మొత్తం 2 రావాలి, 2 పెడితే 8 రావాలి. నాలుగు ఆప్షన్లలో ఆ రెండూ ఇచ్చేది ఎన్ × (ఎన్+1) × (ఎన్+2) భాగించు 3. ఇరవై సెకన్లలో బబుల్ నిండుతుంది, నిరూపణ తెలియకపోయినా మార్కు పడుతుంది. కోచింగ్ అమ్మింది ఈ ఇరవై సెకన్లనే. బళ్లో, కాలేజీలో చెప్పేది ఒకటి, పరీక్షలో పనికొచ్చేది మరొకటి అని తల్లిదండ్రులకు అర్థమైంది ఇక్కడే. నారాయణగూడ, హిమాయత్‌నగర్, దిల్‌సుఖ్‌నగర్ మేడల మీద వేసవి షార్ట్ టర్మ్ బ్యాచ్‌లు నిండిపోయాయి. ర్యాంకు రానివాళ్లు ఏడాది ఆగి లాంగ్ టర్మ్‌లో కూర్చునేవారు.

ఇదే కాలంలో నల్లకుంటలో ఇంకో రకం చదువు నడిచింది. లెక్కల మాస్టారు చుక్కా రామయ్య ఉద్యోగ విరమణ తర్వాత 1980ల్లో అక్కడ ఐఐటీ కోచింగ్ మొదలుపెట్టారు. దేశంలో అప్పటికున్నవి ఐదు ఐఐటీలే. ఐఐటీల ఎంట్రన్స్ అయిన జేఈఈలో లెక్క మొత్తం చేసి చూపించాల్సిన ప్రశ్నలు ఉండేవి కాబట్టి షార్ట్‌కట్‌లతో గట్టెక్కే పని కాదు. చీకటితోనే మొదలయ్యే రామయ్య క్లాసుల కోసం నల్లకుంట, విద్యానగర్ వీధుల్లో అద్దె గదులు నిండిపోయేవి. ఆయన దగ్గర చేరడానికీ ఎంట్రన్స్ ఉండేది. ఆ ఎంట్రన్స్‌కు కోచింగ్ ఇచ్చే సెంటర్లు వెలిశాయి! పరీక్షకు ముందు ఇంకో పరీక్ష, దానికి ముందు ఇంకో కోచింగ్ అన్న పద్ధతి నగరం మొదటిసారి రుచి చూసింది అప్పుడే. ఇందులో ఆయన తప్పేమీ లేదు. సీట్లు తక్కువ, తలుపు తట్టేవాళ్లు ఎక్కువ. రామయ్య తర్వాత 2007లో శాసనమండలికి ఎన్నికయ్యారు, చదువుల మీద పత్రికల్లో విస్తారంగా రాశారు.

నగరాన్ని మార్చేసిన నమూనా మాత్రం కోస్తా నుంచి వచ్చింది. 1979లో నెల్లూరులో పి. నారాయణ చిన్న లెక్కల ట్యూషన్‌గా మొదలుపెట్టిందీ, 1986లో విజయవాడలో డాక్టర్ బి.ఎస్. రావు అమ్మాయిల జూనియర్ కాలేజీగా ప్రారంభించిన శ్రీచైతన్యా రాష్ట్రమంతా విస్తరించాయి. గుంటూరు దగ్గర వడ్లమూడిలో విజ్ఞాన్ లాంటి రెసిడెన్షియల్ కాలేజీలు అప్పటికే పేరు తెచ్చుకున్నాయి. వీళ్లు కనిపెట్టిన కిటుకు ఒక్కటే: కాలేజీ, కోచింగ్, హాస్టల్ మూడూ ఒకే కప్పు కిందికి తేవడం. ఇంటర్ రెండేళ్ల సిలబస్‌ను ముందే ముగించి, మిగిలిన నెలలు గ్రాండ్ టెస్టులకు వదిలేశారు. పొద్దున స్టడీ అవర్, రాత్రి స్టడీ అవర్, వారాంతం పరీక్ష, మార్కుల్ని బట్టి సెక్షన్ మార్పు, నెలకో ఔటింగ్. కూకట్‌పల్లి, మాదాపూర్, దిల్‌సుఖ్‌నగర్‌లలో అపార్టుమెంట్ల లాంటి భవనాలే క్యాంపస్‌లయ్యాయి. ఆటస్థలం గురించి అడిగితే టెర్రస్ చూపించే రోజులవి, ఇప్పటికీ పెద్దగా మారలేదు. టీవీ పెడితే "ఒకటి, ఒకటి, ఒకటి, రెండు, రెండు, మూడు…" అంటూ ఊపిరి తీసుకోకుండా చదివే ర్యాంకుల ప్రకటనలు. ఒకే విద్యార్థి ఫొటో రెండు కాలేజీల ప్రకటనల్లో నవ్వుతూ కనిపించడం ఇక్కడ పాత జోకే. చైతన్య, నారాయణ రెండూ కొంతకాలం పేర్లు కలిపి 'చైనా'గా చేతులు కలిపాయి కూడా.

ఐఐటీల వైపు నుంచి 2006లో వచ్చిన సంస్కరణ ఈ నమూనాకు కలిసొచ్చింది. ముందుగా వడపోతకని 2000లో పెట్టిన స్క్రీనింగ్ టెస్టును తీసేసి, మొత్తం ఆబ్జెక్టివ్ పద్ధతిలో ఒకే పరీక్ష చేశారు. ఇంటర్‌లో 60 శాతం మార్కులు ఉండాలన్నారు, రెండుసార్లకు మించి రాయకూడదన్నారు. ఏళ్ల తరబడి కోచింగ్‌లో మగ్గే పిల్లల్ని కాపాడాలన్నది దాని ఉద్దేశం. మన దగ్గర జరిగింది ఇంకోటి. ఇంటర్ తర్వాత ఆగి చదివే వీలు తగ్గింది కాబట్టి ఇంటర్‌కు ముందే మొదలుపెడదామన్నారు. ఎనిమిదో తరగతి ఐఐటీ ఫౌండేషన్, తర్వాత ఆరో తరగతి. బడుల పేర్ల పక్కన టెక్నో, ఒలింపియాడ్, కాన్సెప్ట్ లాంటి మాటలు వచ్చి చేరాయి. ఆబ్జెక్టివ్ పేపరంటే ఎంసెట్‌లో చేయి తిరిగిన లెక్చరర్లకు కొట్టిన పిండి. 2013లో జేఈఈ మెయిన్, అడ్వాన్స్‌డ్‌గా విడిపోయినప్పుడు మెయిన్ ర్యాంకులో ఇంటర్ మార్కులకు 40 శాతం వెయిటేజీ ఇచ్చారు, 2017లో తీసేశారు. మారిన ప్రతిసారీ క్యాంపస్‌లలో టైంటేబుల్ ఒక్కటే మారింది. ఫలితాలు చూస్తే ఈ యంత్రం పనిచేయదని అనలేం. 2023 జేఈఈ అడ్వాన్స్‌డ్‌లో మొదటి ర్యాంకూ, ఎక్కువమంది అర్హులూ ఐఐటీ హైదరాబాద్ జోన్‌వే.

ఇక్కడే ఒక వింత. 2008లో వై.ఎస్. రాజశేఖరరెడ్డి ప్రభుత్వం ఫీజు రీయింబర్స్‌మెంట్ తెచ్చాక ఇంజినీరింగ్ కాలేజీలు పుట్టగొడుగుల్లా పెరిగి ఉమ్మడి రాష్ట్రంలో 700 దాటాయి. ఎంసెట్‌లో అర్హత వస్తే చాలు, ఎక్కడో ఒక సీటు ఖాయం. సీటు కోసం పుట్టిన పోటీ అక్కడితో చల్లారాలి కదా? పిల్లల మీద ఒత్తిడి తగ్గిన దాఖలా లేదు. సీటు వచ్చిందా అన్న ప్రశ్న పోయి, ఏ కాలేజీలో, ఏ బ్రాంచిలో అన్న ప్రశ్న వచ్చింది. సీబీఐటీలోనో వాసవిలోనో కంప్యూటర్ సైన్స్ రాకపోతే ఆ ఇంట్లో ర్యాంకు రానట్టే.

మెడిసిన్ దారి వేరు. దేశమంతటికీ ఒకే మెడికల్ ఎంట్రన్స్‌గా 2013లో ఒకసారి జరిగిన నీట్‌ను సుప్రీంకోర్టు ఆ ఏడాదే కొట్టేసి, 2016లో మళ్లీ నిలబెట్టింది. ఆ 2016లోనే తెలంగాణ పిల్లలు పడ్డ పాట్లు చెప్పుకోవాలి. జులైలో ఎంసెట్-2 మెడికల్ రాశారు, పేపరు లీకైందని తేలి రద్దయింది, సెప్టెంబర్ 11న ఎంసెట్-3 రాయాల్సి వచ్చింది. తర్వాతి ఏడాది నుంచి ఎంబీబీఎస్ సీట్లు పూర్తిగా నీట్‌తోనే. ఎంసెట్ పేరులోని మెడికల్ ఖాళీగా మిగిలి, 2024లో తెలంగాణలో ఆ పరీక్ష ఈఏపీసెట్ అయింది. నీట్‌ను ఎన్నిసార్లు రాసినా అడ్డు లేదు కాబట్టి లాంగ్ టర్మ్ ఇవాళ ప్రధానంగా బైపీసీ పిల్లలదే.

ఇంత నడిచేసరికి నలిగిపోయింది మామూలు జూనియర్ కాలేజీ. రెసిడెన్షియల్ కాలేజీల్లో విద్యార్థుల ఆత్మహత్యలపై 2001లోనే ప్రభుత్వం ప్రొఫెసర్ నీరదారెడ్డి కమిటీ వేసింది. సిఫార్సులు వచ్చాయి, స్టడీ అవర్లు అలాగే ఉన్నాయి. 2019 ఏప్రిల్‌లో తెలంగాణ ఇంటర్ ఫలితాల్లో తప్పులు దొర్లి, 20 మందికి పైగా పిల్లలు ప్రాణాలు తీసుకున్నాక ఫెయిలైన వాళ్లందరి పేపర్లూ ఉచితంగా మళ్లీ పరిశీలించారు. ఎంసెట్ ర్యాంకులో ఇంటర్‌కు ఉన్న 25 శాతం వెయిటేజీ కొవిడ్ కాలంలో ఆగి, 2023లో శాశ్వతంగా పోయింది. ఒక భారం తగ్గిందన్నారు కొందరు, ఇంటర్ పాఠం వినడానికి ఉన్న ఆఖరి కారణం కూడా పోయిందన్నారు లెక్చరర్లు. నేను రెండో వాళ్ల వైపే. మరోపక్క సాంఘిక సంక్షేమ గురుకులాలు గౌలిదొడ్డిలో ఐఐటీ, మెడికల్ కోచింగ్‌ను ఇంటర్‌తో కలిపి ఉచితంగా నడిపి, ఫీజు కట్టలేని ఇళ్ల పిల్లల్ని ఐఐటీలకూ మెడికల్ కాలేజీలకూ పంపించాయి. సర్కారు కూడా చివరికి కార్పొరేట్ నమూనానే అందుకుందని వెక్కిరించేవాళ్లున్నారు. ఆ పిల్లలకు ఇంకే దారి తెరిచి ఉందో వాళ్లే చెప్పాలి.

ఇప్పుడు సెకండియర్ విద్యార్థి క్యాలెండర్ ఎలా ఉంటుందో 2025 చూస్తే చాలు. జనవరి చివర్లో జేఈఈ మెయిన్ మొదటి సెషన్, మార్చిలో ఇంటర్ పరీక్షలు, ఏప్రిల్ మొదట్లో మెయిన్ రెండో సెషన్, మే 2 నుంచి 4 దాకా ఈఏపీసెట్ ఇంజినీరింగ్, మే 4న నీట్, మే 18న అడ్వాన్స్‌డ్. ఇంటర్‌లో వివరంగా రాయాలి, మెయిన్‌లో నెగెటివ్ మార్కులకు భయపడాలి, ఈఏపీసెట్‌లో భయపడకుండా పరుగెత్తాలి. నాలుగు నెలల్లో ఒక్కో పరీక్షకు ఒక్కో రకం నేర్పు.

కేంద్ర విద్యాశాఖ 2024 జనవరిలో కోచింగ్ సెంటర్లకు మార్గదర్శకాలిచ్చింది. 16 ఏళ్లు నిండనివాళ్లను చేర్చుకోవద్దన్నది అందులో ముఖ్యమైనది. రాజస్థాన్‌లోని కోటా లాంటి చోట, కోచింగ్ సెంటరు బోర్డు విడిగా కనిపించే ఊళ్లో, ఆ నిబంధనకు అర్థం ఉంది. హైదరాబాద్‌లో ఆరో తరగతి పిల్లవాడు చేరేది కోచింగ్ సెంటర్లో కాదు, గుర్తింపు ఉన్న బళ్లో. ఇంటర్ విద్యార్థి చేరేది బోర్డు అఫిలియేషన్ ఉన్న కాలేజీలో. ఆ మార్గదర్శకాలు వీళ్లను తాకాలంటే ముందు బడికీ కోచింగ్‌కూ మధ్య గీత ఎక్కడుందో చెప్పగలగాలి.

పైగా 371-డి నాటి లెక్క కొత్త రూపంలో తిరిగొచ్చింది. తెలంగాణ మెడికల్ సీట్లలో స్థానికుడిగా లెక్కలోకి రావాలంటే తొమ్మిదో తరగతి నుంచి ఇంటర్ దాకా నాలుగేళ్లు ఇక్కడే చదివి ఉండాలని 2024లో ప్రభుత్వం నిబంధన పెట్టింది, 2025 సెప్టెంబర్‌లో సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది. దాంతో ఇంటర్‌కు విజయవాడ పంపుదామా అన్న పాత ఆలోచన చాలా ఇళ్లలో ఆగిపోయింది. కాలేజీ ఎంపిక గురించి పదో తరగతిలో జరిగే మాటలు ఎనిమిదో తరగతి పేరెంట్ మీటింగుల్లోనే జరుగుతున్నాయి.