బక్‌షాట్‌లో బక్ అంటే డాలరు కాదు

ఇంగ్లీష్ నవలల్ని తెలుగు చెయ్యడం నా పని. పెద్ద పెద్ద మాటలకు డిక్షనరీ ఉంది. టెన్షన్ పెట్టేవి బక్‌షాట్ లాంటి చిన్న జంట మాటలే.

అపోహ: బక్ అంటే డాలరు కాబట్టి ఇదేదో చవక తూటా.

వాస్తవం: ఇక్కడ బక్ అంటే మగ జింక. జింకంత జంతువును పడగొట్టే సీసపు గుండ్లు బక్‌షాట్, పిట్టల కోసం వాడే సన్నవి బర్డ్‌షాట్. డాలరుకు బక్ అనే పేరు కూడా జింక తోళ్ల బేరాల నుంచే వచ్చిందని చాలామంది చెబుతారు. అలాగని బక్ కనపడ్డ ప్రతిచోటా జింకను వెతక్కండి. బక్‌వీట్ అనే ధాన్యం పేరులో దాక్కున్నది బీచ్ (beech) అనే చెట్టు. ఆ గింజలు బీచ్ గింజల్లా మూడు పలకలుగా ఉంటాయి మరి.

అపోహ: తుపాకులకు ఈ గుండ్లు వచ్చాకే మాట పుట్టింది.

వాస్తవం: నాకు బాగా నచ్చేది ఇదే. 15వ శతాబ్దంలో బక్‌షాట్ అంటే గుండు కాదు, దూరం. జింకను కొట్టగలిగినంత దూరం. మన కూతవేటు దూరం లాంటిదే, కూత బదులు జింక! గుండ్లు అనే అర్థం 18వ శతాబ్దానికి స్థిరపడింది. అమెరికా స్వాతంత్ర్య యుద్ధంలో, 1777లో, తన సైన్యం తూటాల్లో బక్‌షాట్ కూడా వెయ్యమన్నాడు జార్జ్ వాషింగ్టన్. ఒక పెద్ద గుండు, దానికి తోడు మూడు నుంచి ఆరు చిన్నవి. ఆ కలగలుపు పేరు బక్ అండ్ బాల్.

అపోహ: బక్‌షాట్ అంటే ఒక తూటా.

వాస్తవం: ఒక కుర్రాడి అనువాదం దిద్దుతున్నాను. ఒక పేజీలో హీరో భుజానికి 'తూటా' తగిలింది. తర్వాతి పేజీలో డాక్టర్ ఒక్కొక్కటే ఏడు గుండ్లు బయటికి తీసి పళ్లెంలో వేస్తున్నాడు! మూలం చూస్తే బక్‌షాట్. మామూలు 12 బోర్ షాట్‌గన్ తూటాలో పెద్ద రకం గుండ్లు ఎనిమిదో తొమ్మిదో పడతాయి. ఒక్కోటి 8 మిల్లీమీటర్ల పైచిలుకు, అంటే బఠాణీ గింజంత. ఒకటైనా పది అయినా ఇంగ్లీష్‌లో షాటే, మనం ఒక గింజ బియ్యం, ఒక బస్తా బియ్యం అన్నట్టు.

అపోహ: షాట్‌కు ముందున్నదల్లా వేట జంతువే.

వాస్తవం: గ్రేప్‌షాట్ ఫిరంగిలో వేసేది. గుండ్లు ద్రాక్ష గుత్తిలా కూరి ఉంటాయని ఆ పేరు.

అపోహ: బక్‌షాట్ మామూలు బుల్లెట్ కన్నా దయగలది.

వాస్తవం: 1880ల మొదట్లో ఐర్లాండ్‌కు చీఫ్ సెక్రటరీగా, అంటే బ్రిటిష్ ప్రభుత్వం తరఫున అక్కడి పాలన చూసే మంత్రిగా ఉన్న విలియం ఫార్‌స్టర్ హయాంలో పోలీసులకు బుల్లెట్లకు బదులు బక్‌షాట్ ఇచ్చారు, ప్రాణహాని తక్కువని. 1870లో ఇంగ్లండ్, వేల్స్‌లకు ప్రాథమిక విద్యా చట్టం తెచ్చిన పెద్దమనిషే ఈయన. ఐరిష్ జనం మాత్రం 'బక్‌షాట్ ఫార్‌స్టర్' అని పేరు పెట్టేశారు. ఆ కాలపు ఐరిష్ కథల్లో బక్‌షాట్‌ను ఎవరైనా తిడుతుంటే గుండ్లు అని రాసెయ్యకండి, అది ఈ మనిషి.