సినిమా ఫైట్లు: కిందపడేవాడు చెప్పే అపోహలు, వాస్తవాలు

హీరో కొడితే ఎగిరి పడేవాళ్లలో నేనొకణ్ని. పేరుకి ఫైటర్‌ని, పనంతా పడటమే. ఏ పెళ్లికెళ్లినా జనం అడిగేవి ఇంచుమించు ఇవే. నాకిష్టమైన ఫైట్లతోనే జవాబు చెబుతాను.

అపోహ: కాస్తయినా తగలకపోతే అంత సహజంగా రాదు.

వాస్తవం: తగిలితే షాట్ పోయినట్టే. కొట్టేవాడి పిడికిలికీ నా దవడకీ మధ్య జానెడు ఖాళీ ఉంటుంది. కెమెరాని అతని భుజం వెనకో నా వెనకో పెడతారు కాబట్టి ఆ ఖాళీ కనపడదు. పక్కనుంచి తీస్తే దొరికిపోతాం. ఇక మిగిలింది నా రియాక్షన్. పిడికిలి ముఖం ముందు నుంచి దాటే క్షణంలోనే తల అటు తిరగాలి, తల వెంట భుజం, భుజం వెంట నడుము. తల ముందే తిరిగితే దెబ్బ వస్తుందని తెలిసినట్టుంటుంది, ఆలస్యమైతే కామెడీ అయిపోతుంది. చప్పుడు తర్వాత కలుపుతారు. లొకేషన్‌లో వినిపించేది ఫైట్ మాస్టర్ కేకలూ మా ఆయాసమూ మాత్రమే.

'శివ' (1989) చూసినవాళ్లని అడగండి. నాగార్జున సైకిల్ చైన్ లాగడం అందరికీ గుర్తుంటుంది, ఆ తర్వాత ఎన్ని దెబ్బలు పడ్డాయో ఎవరూ చెప్పలేరు. బాగున్న చైన్ ఉత్త చేత్తో లాగితే తెగదని సైకిల్ షాపువాళ్లందరికీ తెలుసు. హాల్లో మాత్రం ఎవరికీ ఆ డౌట్ రాలేదు. దెబ్బ పడకముందే భయం పుట్టిస్తే, తగిలిందా లేదా అని వెతికేవాడు ఉండడు.

అపోహ: రౌడీలు తెలివితక్కువగా ఒక్కొక్కరే వస్తారు.

వాస్తవం: ఈ ఎగతాళిలో సగం నిజముంది, ఒప్పుకుంటాను. పదిమందీ ఒకేసారి మీదపడితే కెమెరాకి ఏదీ కనపడదు, ఎవరో ఒకరికి నిజంగానే పళ్లు రాలతాయి. అందుకే వెనకున్నవాళ్లం కర్రలు ఊపుతూ, కాళ్లు మారుస్తూ వంతు కోసం చూస్తుంటాం. మంచి మాస్టరైతే ఆ ఎదురుచూపుకి ఒక కారణం కల్పిస్తాడు.

కొరియన్ సినిమా 'ఓల్డ్ బాయ్' (2003) కారిడార్ ఫైట్ అందుకే నాకు ప్రాణం. సందు ఇరుకు, ఇద్దరు ముగ్గురికి మించి ముందుకు రాలేరు. చేతిలో సుత్తితో ఒక్కడు, అవతల గుంపు, పక్కనుంచి జరుగుతూ వెళ్లే కెమెరా. పక్కనుంచి తీస్తే దొరికిపోతామన్నాను కదా, వాళ్లు ఆ కష్టమైన కోణాన్నే ఎంచుకున్నారు. కట్ లేదు కాబట్టి ఒక్కసారిలో అయిపోయిందనుకుంటారు చాలామంది. మూడు రోజులు పట్టింది, 17 టేకులు తీశారు. ఆ అలుపు తెర మీద తెలుస్తూనే ఉంటుంది. హీరో వీపులో దిగిన కత్తి మాత్రం గ్రాఫిక్స్.

2015లో వచ్చిన 'డేర్‌డెవిల్' సీరీస్ రెండో ఎపిసోడ్‌లోనూ ఇలాంటి కారిడారే. హీరో ముఖానికి ముసుగుంటుంది, మధ్యలో గదుల్లోకి వెళ్లొస్తుంటాడు. లోపలికి వెళ్లింది నటుడైతే బయటికి వచ్చేది డూప్. నాకు నచ్చింది మాత్రం అది కాదు. అందులో పడ్డవాళ్లు మళ్లీ లేస్తారు, గోడ పట్టుకుని తూలుతూ వస్తారు. మా దగ్గర ఒక దెబ్బకి పడ్డవాడు అక్కడితో సరి. మహా అయితే చొక్కా మార్చి, తలకి తువ్వాలు చుట్టి, అదే ఫైట్‌లోకి ఇంకో మనిషిలా పంపిస్తారు. నేనూ వెళ్లాను, ఎవరూ పట్టుకోలేదు.

అపోహ: పగిలేవన్నీ చక్కెర అద్దాలే, ఏమీ కాదు.

వాస్తవం: పాత పద్ధతిలో చక్కెర పాకంతోనే పోసేవారు. అది తేమకి జిగురెక్కుతుంది, లైట్ల వేడికి మెత్తబడుతుంది. అందుకే ఇప్పుడు ఎక్కువగా రెసిన్ అనే ప్లాస్టిక్ లాంటి పదార్థం వాడుతున్నారు. ఏదైనా సరే, ముక్క అంచు గీరితే రక్తం వస్తుంది. జాకీ చాన్ 'పోలీస్ స్టోరీ' (1985) షాపింగ్ మాల్ ఫైట్‌కి మామూలుకంటే మందంగా పోసిన అద్దాలు వాడారు. దెబ్బలు తిన్న స్టంట్ టీమ్ ఆ సినిమాకి 'గ్లాస్ స్టోరీ' అని పేరు పెట్టుకుంది. చివర్లో లైట్లు చుట్టిన స్తంభం పట్టుకుని జారినందుకు జాకీ అరచేతులు కాలాయి.

అపోహ: రోప్ ఉంటే ఎగరడం తేలికే.

వాస్తవం: ఎగరడం తేలికే. రోప్ తగిలించడానికి ఒంటికి కట్టే పట్టీలు, అంటే హార్నెస్, తొడల్ని కోస్తుంది, అదీ ఓర్చుకోవచ్చు. దిగడమే సమస్య. రోప్ అవతలి కొసన లాగేవాళ్లు క్షణం ముందు వదిలితే, పడటానికి పరిచిన బెడ్ దాటి అవతల నేల మీద పడతాను. అందుకే షాట్‌కి ముందు నేను హీరోకి కాదు, రోప్ లాగేవాళ్లకి టీ ఇస్తాను.

అపోహ: ఫైట్లకి అవార్డులుండవు.

వాస్తవం: జాతీయ అవార్డుల్లో 2016 సినిమాల నుంచి ఉంది. మొదటిది మలయాళం 'పులిమురుగన్'కి ఫైట్ మాస్టర్ పీటర్ హెయిన్ అందుకున్నారు. తర్వాత 'బాహుబలి 2', 'ఆర్ఆర్ఆర్', 'హనుమాన్'లకీ వచ్చింది. ఆస్కార్‌లో 2027లో విడుదలయ్యే సినిమాలతో మొదలుపెట్టి 2028లో ఇస్తామన్నారు. అవార్డు మాస్టర్ పేరు మీద వస్తుంది, కిందపడినవాళ్లకి విడిగా ఇచ్చేదేమీ లేదు.