యూవీ నెయిల్ లాంప్: వెలగడం వేరు, జెల్ గట్టిపడటం వేరు

జెల్ పాలిష్ వేసే యూవీ లాంపుకి కొత్త ట్యూబులు బిగించాక మూడు రకాల ఇబ్బందులు వస్తాయి. అసలు వెలగకపోవడం ఒకటి. వెలిగీ వెలగక మిణుకుమనడం రెండోది. మూడోది, చక్కగా ఊదారంగులో వెలుగుతూనే ఉంటుంది, గోరు మీద జెల్ మాత్రం లోపల పచ్చిగా ఉండిపోతుంది. మొదటి రెండూ కంటికి కనిపిస్తాయి కాబట్టి ఎలాగోలా బాగుచేయించుకుంటారు. మూడోదాన్ని చాలామంది గుర్తించరు. జెల్‌ని గట్టిపరిచే కిరణాలు కంటికి ఆనవు, కనిపించే ఊదా వెలుగు చూసి లాంపు బాగుందనుకుంటే మోసపోతాం.

అమీర్‌పేట, కూకట్‌పల్లి పార్లర్లలో ఇంకా వాడుకలో ఉన్న 36 వాట్ల లాంపులో నాలుగు ట్యూబులుంటాయి, ఒక్కోటి 9 వాట్లు. పక్కపక్కనే రెండు గాజు గొట్టాలు, వాటికి ఒక ప్లాస్టిక్ దిమ్మ, దిమ్మకు 23 మిల్లీమీటర్ల ఎడంతో రెండు పిన్నులు. ఈ దిమ్మ పేరు జీ23. కరెంటు పారినప్పుడు లోపలి పాదరసపు ఆవిరి ప్రధానంగా 254 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం ఉన్న అతినీలలోహిత (యూవీ) కిరణాలు విడుదల చేస్తుంది. గాజు లోపలి వైపు పూసిన తెల్లటి పొడి వాటిని పీల్చుకుని 365 నానోమీటర్ల దగ్గర తిరిగి వదులుతుంది. జెల్‌లో కలిపిన ఇనిషియేటర్ అనే రసాయనం ఆ కిరణం తగిలి విరుగుతుంది, ఆ ముక్కలు చిన్న చిన్న అణువులను గొలుసులుగా అల్లి జెల్‌ని గట్టిపరుస్తాయి. ఇక మనకు కనిపించే ఊదా, నీలి వెలుగులో ఎక్కువ భాగం పాదరసం స్వయంగా ఇచ్చే 405, 436 నానోమీటర్ల రేఖలది. పొడి పాతబడి 365 తగ్గిపోయినా ఆ రంగు పెద్దగా మారదు. పాత ట్యూబులు మాడిపోకముందే మార్చాల్సి రావడానికి కారణం ఇదే. మార్చేటప్పుడు నాలుగూ ఒకేసారి మార్చాలి, లేకపోతే ఒక వేలికి ఎక్కువ, ఒక వేలికి తక్కువ అందుతుంది.

కొనేటప్పుడు జరిగే పొరపాటు అన్నిటికంటే పెద్దది. జీ23 హోల్డర్ ఈ దిమ్మ ఉన్న ఏ ట్యూబునైనా పట్టేస్తుంది. ఇంట్లో వాడే 9 వాట్ల మామూలు తెల్ల లైటు, నీళ్లలో, గాలిలో క్రిములను చంపే 254 ట్యూబు, సోరియాసిస్, బొల్లి చికిత్సకు చర్మ వైద్యులు వాడే 311 ట్యూబు, గోళ్ల 365 ట్యూబు, అన్నీ అందులో సరిగ్గా కూర్చుంటాయి. మామూలు లైటు పెడితే జెల్ గట్టిపడదు, నష్టం అంతటితో సరి. క్రిములను చంపే ట్యూబు పెడితే చేతులు కమిలిపోతాయి, కళ్లు దెబ్బతింటాయి. అదీ అప్పటికప్పుడు తెలియదు. కొన్ని గంటలు గడిచాక కళ్లలో ఇసుక పోసినట్టు గరగరలాడుతుంది. దాన్ని గుర్తుపట్టడం తేలికే, లోపల పొడి ఉండదు కాబట్టి గాజు పూర్తిగా పారదర్శకంగా ఉంటుంది. అలాంటిది కనిపిస్తే స్విచ్ వేయకుండానే తీసేయండి. అయితే తెల్లగా ఉన్నవన్నీ గోళ్ల ట్యూబులని అనుకోవడానికీ లేదు. దిమ్మ మీద 365 అని అచ్చు ఉందో లేదో చదవాల్సిందే.

సరైన 365 ట్యూబే తెచ్చినా వెలగడం లేదంటే, ముందు చోక్‌ని, అంటే ట్యూబుకి వెళ్లే కరెంటును అదుపుచేసే భాగాన్ని, అనుమానించాలి. ఈ లాంపులు రెండు రకాలు. కాపర్ చోక్ ఉన్న పాత రకం ఎత్తితే బరువుగా ఉంటుంది, సన్నగా గుయ్‌మంటుంది, స్విచ్ వేయగానే ట్యూబులు రెండు మూడు సార్లు మిణికి ఆపై నిలబడతాయి. ఎలక్ట్రానిక్ చోక్ రకం తేలిగ్గా ఉంటుంది, చప్పుడు లేకుండా వెంటనే వెలుగుతుంది. తేడా ట్యూబు దిమ్మలో దాగుంది. కాపర్ చోక్ ట్యూబు దిమ్మలో చిన్న స్టార్టర్ ఉంటుంది. ఎలక్ట్రానిక్ రకం దిమ్మలో స్టార్టర్ ఉండదు, కెపాసిటర్ మాత్రమే ఉంటుంది. స్టార్టర్ లేని ట్యూబును కాపర్ చోక్ లాంపులో పెడితే దాన్ని రాజేసేది ఏదీ లేక చీకటిగా ఉండిపోతుంది. స్టార్టర్ ఉన్నదాన్ని ఎలక్ట్రానిక్ లాంపులో పెడితే మిణుకుమంటుంది, లేదా కొసలు మాత్రం ఎర్రగా కాలుతుంటాయి, అలాగే వదిలేస్తే చోక్‌లోని ట్రాన్సిస్టర్లు వేడెక్కి పోవచ్చు. బయటి నుంచి రెండు ట్యూబులూ ఒకేలా ఉంటాయి. అందుకే బేగం బజార్‌లోనో కోఠి గుజరాతీ గల్లీలోనో అడిగేటప్పుడు ‘తొమ్మిది వాట్లది’ అంటే చాలదు. పాత ట్యూబు చేత్తో పట్టుకెళ్లి, దాని మీదున్న ప్రతి అక్షరం కొత్తదాని మీద కూడా ఉందో లేదో సరిచూసుకోండి.

రకం కలిసింది, అయినా ఒకటి రెండు వెలగడం లేదా? ప్లగ్ తీసి, పది నిమిషాలు ఆగి, వెలగని ట్యూబును వెలిగే చోట పెట్టి, దాన్ని దీని చోట పెట్టండి. జబ్బు ట్యూబుతో పాటు కదిలితే ట్యూబుదే లోపం. చోటులోనే ఉండిపోతే హోల్డర్ లేదా చోక్. ఇంతకంటే నమ్మకమైన పరీక్ష లేదు. మల్టీమీటర్ పెట్టి ‘కంటిన్యుటీ లేదు, ట్యూబు పోయింది’ అని తేల్చేసే ఎలక్ట్రీషియన్లు ఉంటారు, అది తప్పు. ఈ రెండు పిన్నుల ట్యూబులో దారి స్టార్టర్ ద్వారానో కెపాసిటర్ ద్వారానో వెళ్తుంది. చల్లగా ఉన్న స్టార్టర్ తెరుచుకునే ఉంటుంది, కెపాసిటర్ మీటరుకి దారి ఇవ్వదు. కాబట్టి కొత్త ట్యూబు కూడా మీటరు మీద పోయినట్టే కనిపిస్తుంది.

కొన్ని కాపర్ చోక్ లాంపుల్లో ఒక్కో చోక్‌కి రెండేసి ట్యూబులు సిరీస్‌లో, అంటే ఒకదాని గుండా వెళ్లిన కరెంటే రెండోదానికి అందేలా, కలిపి ఉంటాయి. వాటిలో ఒకటి సరిగా కూర్చోకపోయినా జంటలో రెండూ ఆరిపోతాయి. గాజును పట్టుకుని తోయకుండా దిమ్మను పట్టుకుని ‘టక్’ అని చప్పుడు వచ్చేదాకా నెట్టాలి. పిన్నులు నల్లబడి ఉంటే పొడి గుడ్డతో తుడవండి. లాంపు విప్పి చోక్ చూడాలనుకుంటే ఒక హెచ్చరిక. ఎలక్ట్రానిక్ చోక్ కెపాసిటర్‌లో 230 వోల్టుల కరెంటు దాదాపు 325 వోల్టులుగా నిల్వ ఉంటుంది, ప్లగ్ పీకాక కూడా కాసేపు అందులోనే ఉంటుంది. ఆ పని తెలిసినవాళ్లకే వదిలేయడం మంచిది. అమెరికా నుంచి చుట్టాలు తెచ్చిన లాంపయితే వెనక స్టిక్కర్ చదవండి. 110–120 అని మాత్రమే ఉంటే స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ లేకుండా ఇక్కడి ప్లగ్గులో పెట్టకూడదు, చోక్ కాలిపోతుంది.

ఇక అన్నీ వెలుగుతూ జెల్ గట్టిపడని సంగతి. ఏసీ 18 డిగ్రీల్లో పెట్టిన గదిలో పాదరసం సరిపడా ఆవిరి కావడానికి సమయం పడుతుంది, మొదటి నిమిషం రెండు నిమిషాలు ట్యూబు బలహీనంగా ఉంటుంది. రోజు మొదట్లో చెయ్యి పెట్టకముందు ఖాళీగా ఒక రెండు నిమిషాల సైకిల్ నడపండి. రెండోది, జెల్ సీసా. ఎల్ఈడీ లాంపులు 395–405 నానోమీటర్ల దగ్గర పనిచేస్తాయి, వాటికోసమే చేసిన జెల్ 365 ట్యూబుల కింద సరిగా గట్టిపడకపోవచ్చు. సీసా మీద యూవీ, ఎల్ఈడీ రెండూ రాసి ఉండాలి. రెండు సమయాలు ఇచ్చి ఉంటే ట్యూబుల లాంపుకి రాసిన పెద్ద సమయమే పాటించాలి, సాధారణంగా అది పూతకు రెండు నిమిషాలు. మూడోది బొటనవేలు. నాలుగు వేళ్లతో పాటు పెట్టినప్పుడు అది పక్కకి తిరిగి ఉంటుంది, దాని గోరుకి వెలుగు ఏటవాలుగా తగులుతుంది. బొటనవేళ్లను విడిగా పెట్టడమే సరైన పద్ధతి. రిఫ్లెక్టర్ మీద, ట్యూబుల మీద ఎండిన జెల్ చుక్కలుంటే ప్లగ్ తీసి, లాంపు చల్లారాక స్పిరిట్ గుడ్డతో తుడవండి, పూర్తిగా ఆరాకే మళ్లీ ప్లగ్ పెట్టండి.

ట్యూబులు మార్చిన రోజున ఈ పరీక్ష చేసి తీరాలి. ఐదు ప్లాస్టిక్ టిప్స్ (అతికించే ఉత్తుత్తి గోళ్లు) మీద నల్ల జెల్ పలచగా వేయండి. నలుపు కిరణాలను ఎక్కువగా మింగేస్తుంది కాబట్టి అన్నిటికంటే కఠినమైన పరీక్ష అదే. వేళ్లు ఉండే ఐదు చోట్ల అమర్చి రెండు నిమిషాలు ఉంచండి. పైన జిగురుగా ఉంటే కంగారు పడక్కర్లేదు, గాలిలోని ఆక్సిజన్ పై పొరను గట్టిపడనివ్వదు, స్పిరిట్‌తో తుడిస్తే పోతుంది. చూడాల్సింది అడుగు పొర. పుల్లతో గీకి ఎత్తి చూస్తే పెచ్చులా ఊడి రావాలి. కింద తడిగా ముద్దలా ఉన్నా, పొర ముడతలు పడినా ఆ చోటుకి వెలుగు చాలడం లేదన్నమాట. 500 నోటు లోపల పెట్టి నంబరు మెరుస్తోందా అని చూసే పద్ధతి కూడా ఉంది. నోట్ల నంబర్ల సిరా అతినీలలోహితం కింద మెరిసే మాట నిజమే. కానీ అది కిరణాలు ఉన్నాయని చెబుతుంది, ఎంత ఉన్నాయో చెప్పదు. 254 ట్యూబు కిందా మెరుస్తుంది కాబట్టి, సరైన ట్యూబు అనడానికి అది రుజువు కాదు.

కొత్త ట్యూబులు పెట్టాక కస్టమరు ‘మండుతోందండీ’ అంటే లాంపు చెడిందనుకోవద్దు. జెల్ గట్టిపడేటప్పుడు వేడి పుడుతుంది. పాత ట్యూబుల కింద నెమ్మదిగా జరిగిన పని ఇప్పుడు కొన్ని సెకన్లలో జరిగిపోతుంది, పూత మందంగా ఉంటే గోరు చుర్రుమంటుంది. పలచగా రెండు పూతలు వేయండి, మంట రాగానే చెయ్యి బయటికి తీయించి కాసేపాగి మళ్లీ పెట్టించండి. అంతే తప్ప మొత్తం సమయాన్ని తగ్గించకండి. సగం గట్టిపడిన జెల్‌లో మిగిలిపోయిన హెమా వంటి రసాయనాలు చర్మానికి తగిలితే ఎలర్జీ పుట్టొచ్చు. ఒకసారి వస్తే సాధారణంగా జీవితాంతం వదలదు, పంటికి పెట్టే ఫిల్లింగుల్లోనూ అదే కుటుంబం రసాయనాలు ఉంటాయి కాబట్టి అక్కడా ఇబ్బంది రావొచ్చు. గోటి చుట్టూ దురద, నీటి పొక్కులు కనిపిస్తే ఆ చేతికి జెల్ ఆపేసి చర్మ వైద్యులకు చూపించమనాలి. కస్టమరు కంటే రోజంతా జెల్ ముట్టుకునే పార్లరు అమ్మాయిలకే ఈ ముప్పు ఎక్కువ. పచ్చి జెల్‌ని వేలితో తుడిచే అలవాటు మానాలి, నైట్రైల్ గ్లవ్స్ వేసుకుని పనిచేయాలి.

తీసేసిన పాత ట్యూబుల్లో పాదరసం ఉంటుంది. చెత్త ఆటోలో పడేయకుండా అట్టపెట్టెలో పెట్టి ఈ-వేస్ట్ సేకరించేవాళ్లకి ఇవ్వండి. పగిలితే కిటికీలు తెరిచి పావుగంట బయటికి వెళ్లండి, చీపురు వాడొద్దు, అట్టముక్కతో ఎత్తి, తడి కాగితంతో నేల తుడిచి, అన్నీ మూత గట్టిగా పట్టే డబ్బాలో వేయండి.